నిన్నటి ఆటలో గెలిచే కంప్యూటర్

షేర్లు ఎప్పుడు కొనాలో, ఎప్పుడు అమ్మాలో కంప్యూటరే చూసుకుంటుంది... మీరు మీ పని మీరు చేసుకోవచ్చు... గతంలో అది ఎంత లాభం తెచ్చిందో కావాలంటే చూసుకోండి... ఇలాంటి ప్రకటనలు సెల్‌ఫోన్లలో తరచూ కనిపిస్తున్నాయి. ఇంతకీ అలాంటి యంత్రాన్ని ఎలా తయారుచేస్తారు? అది నిజంగా పనిచేస్తుందో లేదో ఎలా తేలుస్తారు? చిక్కంతా ఆ రెండో ప్రశ్న దగ్గరే!

బంగ్లాదేశ్‌లో వెన్న ఎక్కువ తీస్తే అమెరికాలో షేర్ల ధరలు పెరుగుతాయా?

నవ్వొస్తుంది కదూ! కానీ అంకెలు మాత్రం అవుననే అన్నాయి. పెట్టుబడి వ్యూహాలను కంప్యూటర్‌తో తయారుచేయడంలో పేరున్న అమెరికా నిపుణుడు డేవిడ్ లైన్‌వెబర్ 1990ల్లో ఓ సరదా పని చేశారు. ఐక్యరాజ్యసమితి గణాంకాల సీడీని కంప్యూటర్‌లో పెట్టి, అమెరికా షేర్ల సూచీ ‘ఎస్ అండ్ పీ 500’ కదలికలతో ఏ దేశపు ఏ లెక్క బాగా కలుస్తుందో వెతకమన్నారు. కంప్యూటర్ వెతికి వెతికి బంగ్లాదేశ్ వెన్న ఉత్పత్తి దగ్గర ఆగింది. 1981 నుంచి 1993 దాకా సూచీలో వచ్చిన హెచ్చుతగ్గుల్లో 75 శాతం ఆ ఒక్క అంకెతోనే సరిపోయాయి. దానికి అమెరికా వెన్న, చీజ్ ఉత్పత్తినీ రెండు దేశాల్లోని గొర్రెల సంఖ్యనీ కలిపేసరికి లెక్క 99 శాతానికి చేరింది!

అంకెల గుట్టను గాలిస్తే ఏదో ఒకటి దేనితోనో ఒకదానితో కలిసితీరుతుందనీ, ఆ కలవడానికి అర్థం ఉండనక్కర్లేదనీ చెప్పడం ఆయన ఉద్దేశం. చిత్రమేంటంటే, ఆ తర్వాత కూడా కొందరు ఫోన్ చేసి ఈ ఏడాది వెన్న లెక్కలు వచ్చాయా అని అడిగేవారట.

అక్కడ ఉన్నది వెన్న కాబట్టి మనకు అనుమానం వచ్చింది. అదే వెన్న బదులు ‘37 రోజుల సగటు ధర’ అనో, ‘మంగళవారం మధ్యాహ్నం రెండు గంటల ధర’ అనో ఉంటే? ఎవరూ నవ్వరు. డబ్బులు కట్టి కొనుక్కుంటారు.

తాబేళ్ల పాఠం

కంప్యూటర్ ట్రేడింగ్ అనగానే అదేదో బ్రహ్మవిద్య అనుకోనక్కర్లేదు. మొదట ఒక నియమం ఉండాలి. ఆ నియమం ఎవరు చదివినా ఒకే అర్థం వచ్చేలా ఉండాలి. అంతే.

ఈ విషయంలో 1983లో షికాగోలో ఓ గమ్మత్తయిన పందెం జరిగింది. సరుకుల మార్కెట్లో కోట్లు గడించిన రిచర్డ్ డెనిస్‌కీ, ఆయన మిత్రుడు విలియం ఎక్‌హార్ట్‌కీ మధ్య వాదన. మంచి వ్యాపారి పుట్టుకతోనే పుడతాడన్నది ఎక్‌హార్ట్ మాట. కాదు, నేర్పితే ఎవరికైనా వస్తుందన్నది డెనిస్ మాట. చివరికి పత్రికల్లో ప్రకటన ఇచ్చి, రకరకాల ఉద్యోగాల్లోంచి కొందరిని ఎంపిక చేసి, రెండు వారాలు పాఠాలు చెప్పి, డెనిస్ తన సొంత డబ్బే వాళ్ల చేతికిచ్చారు. సింగపూర్‌లో తాబేళ్లను పెంచే చోటు చూసి వచ్చిన ఆయన, మనమూ ఇలాగే వ్యాపారుల్ని పెంచుదామన్నారు. అలా ఆ శిష్యులకు ‘తాబేళ్లు’ అని పేరొచ్చింది.

వాళ్లకు నేర్పిన నియమాల్లో ఒకటి వింటే ఇంతేనా అనిపిస్తుంది. గత 20 రోజుల్లోని అత్యధిక ధరను దాటితే కొనాలి. గత 10 రోజుల కనిష్ఠం కన్నా దిగితే అమ్మెయ్యాలి. మరి ఎంత కొనాలి? ధర రోజూ ఎక్కువగా ఊగే సరుకైతే తక్కువ, నిలకడగా ఉండేదైతే ఎక్కువ. ఎప్పుడు కొనాలి, ఎప్పుడు బయటపడాలి, ఎంత పెట్టాలి... ఈ మూడింటికీ ముందే జవాబు రాసిపెట్టుకుంటే మనసు చెప్పే మాట వినాల్సిన పనిలేదు. ఇవాళ్టి కంప్యూటర్ ప్రోగ్రాముల్లో చాలావాటికి అస్థిపంజరం ఇదే. మనిషి కాగితం మీద చేసిందాన్ని యంత్రం రెప్పపాటులో, విసుగూ భయమూ లేకుండా చేస్తుంది.

మూడింటిలో కొత్తవాళ్లు నిర్లక్ష్యం చేసేది ‘ఎంత’ అన్నదాన్నే. దాని విలువ తెలిసినవారు ఎడ్వర్డ్ థార్ప్. ఈ గణితం ప్రొఫెసర్ పేకాటలో బ్లాక్‌జాక్‌ను ఎలా గెలవచ్చో లెక్కగట్టి 1962లో ‘బీట్ ద డీలర్’ పుస్తకం రాశారు. 1969లో అదే బుర్రతో షేర్ల మార్కెట్లో ఫండ్ పెట్టారు. బెల్ ల్యాబ్స్‌లో పనిచేసిన జాన్ కెల్లీ 1956లో చెప్పిన సూత్రం ఆయనకు ఆధారం. గెలిచే అవకాశం మనవైపు ఉన్నా సరే, ఉన్నదంతా ఒడ్డితే ఏదో ఒకరోజు చేతులెత్తేయాల్సిందేనని ఆ సూత్రం లెక్కలతో సహా తేల్చింది. చిన్న కూడికే చూడండి. లక్ష రూపాయల్లో సగం పోతే మిగిలింది 50 వేలు. మళ్లీ లక్ష కావాలంటే 50 శాతం లాభం చాలదు, 100 శాతం రావాలి. అందుకే నిపుణులు ఒక వ్యూహం చేతికి రాగానే ఎంత సంపాదించిందని కాకుండా, శిఖరం నుంచి ఎంత లోతుకు పడిందని ముందు అడుగుతారు. విలియం షార్ప్ 1966లో చెప్పిన కొలమానం కూడా అలాంటిదే. వచ్చిన లాభాన్ని, అది వచ్చేలోపు పడిన ఒడుదొడుకులతో భాగించి చూస్తుంది. ఎగుడుదిగుడు దారిలో వచ్చిన 20 శాతం కన్నా, నున్నటి దారిలో వచ్చిన 15 శాతానికి దాంట్లో ఎక్కువ మార్కులు పడొచ్చు.

పాత ప్రశ్నపత్రంలో నూటికి నూరు

నియమం రాశారు. మరి పనిచేస్తుందని ఎలా తెలుస్తుంది? గత పదేళ్ల ధరల్ని కంప్యూటర్‌కిచ్చి, అప్పట్లో ఈ నియమం పాటించి ఉంటే ఎంత వచ్చేదో లెక్కవేయిస్తారు. దీన్నే బ్యాక్‌టెస్టింగ్ అంటారు. ప్రకటనల్లో కనిపించే, నిటారుగా పైకెళ్లే గీత సాధారణంగా ఇదే.

మోసం కూడా ఇక్కడే మొదలవుతుంది. చాలాసార్లు ఆ మోసం చేసేవాళ్లకే తెలియకుండా!

20 రోజుల నియమానికి లాభం తక్కువ వచ్చిందనుకోండి. 21 పెట్టి చూస్తారు. 22, 23... చూస్తూ పోతారు. 37 దగ్గర అదిరిపోయే ఫలితం వస్తుంది. దానికి ‘శుక్రవారం కొనొద్దు’ అని ఇంకో షరతు చేరిస్తే ఇంకా బాగుంటుంది. అలా అతుకులు వేసుకుంటూ పోతే గతంలోని ప్రతి కుదుపునీ తప్పించుకునే అద్భుతమైన యంత్రం తయారవుతుంది. ఎంసెట్ పాత ప్రశ్నపత్రం జవాబుల్ని బట్టీపట్టిన కుర్రాడికి అదే పేపరిస్తే నూటికి నూరు వస్తాయి. అసలు పరీక్ష రోజు ఆ పేపరు రాదు కదా!

ఇందులో లెక్క కూడా ఉంది. 1,024 మందిని నిలబెట్టి ఒక్కొక్కరిని పదిసార్లు బొమ్మా బొరుసూ వేయమంటే, సగటున వాళ్లలో ఒకరికి పదిసార్లూ బొమ్మే పడుతుంది. ఆ ఒక్కరి ఫొటో మాత్రమే చూపిస్తే ఆయనో మహానుభావుడు! వెయ్యి నియమాలు ప్రయత్నించి నెగ్గినదాన్నే చూపించడం సరిగ్గా ఇలాంటిదే. మిగతా 1,023 మంది సంగతి ప్రకటనలో ఉండదు. డేవిడ్ బెయిలీ, జొనాథన్ బోర్‌వైన్, మార్కోస్ లోపెజ్ డి ప్రాడో, చీజీ ఝూ అనే నలుగురు 2014లో అమెరికా గణిత సంఘం పత్రికలో దీన్ని అంకెలతో నిరూపించారు. చేతిలో ఐదేళ్ల సమాచారమే ఉంటే 45కు మించి రకాలు ప్రయత్నించకూడదట. దాటితే, షార్ప్ కొలమానంలో ఒకటి తెచ్చుకుని మెరిసిపోయే, నిజానికి పసలేని వ్యూహం దొరకడం దాదాపు ఖాయం. నలభై అయిదంటే ఎంత? ఇవాళ్టి కంప్యూటర్ వాటిని కాఫీ తాగేలోపు ముగించేస్తుంది.

ఇది ఊహ కాదనడానికి క్వాంటోపియన్ కథే సాక్ష్యం. 2011లో అమెరికాలోని బోస్టన్‌లో మొదలైన ఈ సంస్థ, ప్రపంచంలో ఎవరైనా ఇంట్లో కూర్చుని వ్యూహాలు రాయొచ్చనీ, మంచివాటికి తామే పెట్టుబడి పెట్టి లాభంలో వాటా ఇస్తామనీ ప్రకటించింది. సుమారు మూడు లక్షల మంది చేరారు. 2016లో ఆ సంస్థ పరిశోధకులే 888 వ్యూహాలను తీసుకుని, బ్యాక్‌టెస్ట్‌లో వచ్చిన మార్కుల్నీ, తర్వాతి కాలంలో అవి ఇచ్చిన ఫలితాల్నీ పక్కపక్కన పెట్టి చూశారు. రెండింటికీ దాదాపు సంబంధమే లేదు! అంతేకాదు, ఒక వ్యూహాన్ని ఎన్ని ఎక్కువసార్లు బ్యాక్‌టెస్ట్ చేసి ఉంటే, కలకీ నిజానికీ మధ్య దూరం అంత పెరిగింది. 2020లో క్వాంటోపియన్ మూతబడింది.

విరుగుడు లేదా అంటే ఉంది. పదేళ్ల సమాచారం ఉంటే ఏడేళ్లదాన్ని మాత్రమే చూస్తూ నియమం తయారుచేయాలి. మిగతా మూడేళ్లదాన్ని బీరువాలో పెట్టి తాళం వేయాలి. అంతా పూర్తయ్యాక ఒక్కసారి, ఒకే ఒక్కసారి తీసి పరీక్షించాలి. బాగా రాలేదని నియమాన్ని సవరించి మళ్లీ అదే మూడేళ్ల మీద ప్రయత్నిస్తే ఆ తాళం వేసినా ఒకటే, వేయకపోయినా ఒకటే. చెప్పడం తేలిక. నెలల తరబడి చెమటోడ్చినదాన్ని ఒక్క పరీక్షతో చెత్తబుట్టలో వేయడానికి మనసొప్పాలిగా!

సత్యం లేని నిఫ్టీ

ఇంకో పొరపాటుకు మన హైదరాబాదే పెద్ద ఉదాహరణ. 2008లో పరీక్ష మొదలుపెట్టి, నిఫ్టీలోని 50 కంపెనీల మీద ఒక వ్యూహాన్ని నడిపి చూద్దామనుకున్నారు. జాబితా ఎక్కడిది? ఇవాళ్టి నిఫ్టీ జాబితా తీసుకుంటే అందులో సత్యం కంప్యూటర్స్ ఉండదు. 2008లో మాత్రం నిఫ్టీలోనూ సెన్సెక్స్‌లోనూ అది దర్జాగా ఉంది. 2009 జనవరి 7న రామలింగరాజు లేఖ బయటికొచ్చింది. ముందురోజు 179 రూపాయల దగ్గరున్న షేరు ఆ ఒక్కరోజులో 40 రూపాయలకు పడిపోయింది. ఆ దెబ్బ తగలకుండానే పరీక్ష నెగ్గేస్తే దాని ఫలితానికి విలువేముంది? ఇవాళ్టి జాబితాలో ఉన్నవన్నీ బతికి బట్టకట్టిన కంపెనీలే. పోయినవాటిని వదిలేసి బతికినవాటి మీదే పరీక్షిస్తే ఏ నియమమైనా తెలివైనదిగానే కనిపిస్తుంది.

సత్యం ఇంకో సంగతీ చెబుతుంది. బ్యాంకుల్లో దండిగా నగదున్న కంపెనీల్ని ఏరమని 2008లో ఏ కంప్యూటర్‌కు చెప్పినా అది సత్యాన్ని చూసి మురిసిపోయేది. తీరా ఆ నగదులో 5,040 కోట్ల రూపాయలు లేనే లేవని రాజు లేఖలోనే ఉంది. అబద్ధపు పద్దుల్ని యంత్రం కూడా నిజమనే నమ్ముతుంది.

అప్పటికి ఎవరికీ తెలియని విషయాన్ని తెలిసినట్టు వాడుకోవడం మరో తప్పు. మార్చి 31తో ముగిసే త్రైమాసికం ఫలితాలు బయటికొచ్చేది ఏప్రిల్, మే నెలల్లో. పరీక్షలో మాత్రం ఏప్రిల్ ఒకటినే ఆ లాభాలు చూసి షేర్లు కొనేస్తుంటారు. రేపటి పేపరు ఇవాళే చదివినవాడు గెలవకేం చేస్తాడు!

లక్షకు 215

ఖర్చుల సంగతి మరీ చిన్నగా కనిపిస్తుంది కాబట్టి వదిలేస్తుంటారు. లక్ష రూపాయల షేర్లు డెలివరీ తీసుకుని, తర్వాత అదే ధరకు అమ్మారనుకుందాం. లావాదేవీ పన్ను కొన్నప్పుడు 0.1 శాతం, అమ్మినప్పుడు 0.1 శాతం. అంటే 200 రూపాయలు. కొన్నప్పుడు స్టాంపు డ్యూటీ 15 రూపాయలు. బ్రోకరేజీ, ఎక్స్ఛేంజి రుసుములు, జీఎస్‌టీ కాకుండానే 215 రూపాయలు పోయాయి. ఒక్కో లావాదేవీలో సగటున లక్షకు 200 లాభం తెచ్చే వ్యూహం కాగితం మీద బంగారుబాతు, ఖాతాలో నష్టాల పుట్ట. పైగా తెర మీద 100 రూపాయలని కనిపించిన షేరు మన ఆర్డరు వెళ్లేసరికి 100.20 అయ్యుండొచ్చు. పెద్ద మొత్తం కొంటే మన కొనుగోలే ధరను పైకి నెడుతుంది. గతం మీద పరీక్షలో ఈ ఇబ్బందులేవీ ఎదురుకావు, అక్కడ ఎంతకావాలంటే అంత, అడిగిన ధరకే దొరుకుతుంది.

నలభై అయిదు నిమిషాలు

వ్యూహం మంచిదే అనుకుందాం. దాన్ని నడిపే ప్రోగ్రాం సరిగా ఉండాలిగా? 2012 ఆగస్టు 1న అమెరికాలో నైట్ క్యాపిటల్ అనే పెద్ద ట్రేడింగ్ సంస్థకు జరిగింది ఇప్పటికీ ఈ రంగంలో కథలుకథలుగా చెప్పుకుంటారు. ఎనిమిది సర్వర్లలో కొత్త ప్రోగ్రాం ఎక్కించాలి. ఏడింటిలో ఎక్కించారు, ఒకదాన్ని మర్చిపోయారు. ఆ ఒక్కదాంట్లో 2003 నుంచీ వాడకుండా వదిలేసిన పాత ప్రోగ్రాం ముక్క ఒకటి నిద్రపోతోంది. మార్కెట్ తెరవగానే అది లేచింది. చిన్న మదుపరుల నుంచి వచ్చిన 212 ఆర్డర్లను నెరవేర్చే పనిలో ఆపకుండా కొంటూ అమ్ముతూ పోయింది. 45 నిమిషాల్లో 154 కంపెనీల షేర్లలో 40 లక్షలకు పైగా లావాదేవీలు! సంస్థకు 46 కోట్ల డాలర్లకు పైగా నష్టం. ఆ ఉదయం మార్కెట్ మొదలవకముందే ఏదో తేడా ఉందంటూ వ్యవస్థ తనంతట తాను 97 ఈ-మెయిళ్లు పంపింది. వాటిని పట్టించుకున్నవాళ్లు లేరు. మరుసటి ఏడాది ఆ సంస్థ వేరేదాంట్లో కలిసిపోయింది.

అదే 2012లో అక్టోబరు 5న మన దగ్గరా ఒక కుదుపు వచ్చింది. ముంబయి బ్రోకరేజీ సంస్థ ఒకటి పొరపాటున పంపిన 59 ఆర్డర్ల వల్ల నిఫ్టీ క్షణాల్లో 15 శాతానికి పైగా పడిపోయి, ట్రేడింగ్ 15 నిమిషాలు నిలిచిపోయింది. ఆ ఆర్డర్ల విలువ 650 కోట్ల రూపాయల పైమాటే. అది యంత్రం చేసిన తప్పు కాదు, మనిషిదే. కాకపోతే ఆ తప్పును గేటు దగ్గరే ఆపాల్సిన తనిఖీ ఆపలేదు.

సగం కన్నా కాస్త ఎక్కువ

అయితే ఈ విద్యలో నెగ్గినవాళ్లే లేరా? ఉన్నారు. అందరికన్నా ముందు చెప్పుకోవాల్సింది జిమ్ సైమన్స్ గురించి. పేరున్న గణిత శాస్త్రవేత్త, ఒకప్పుడు రహస్య సంకేతాలను ఛేదించే ఉద్యోగం చేసినవారు. 1982లో రెనిసాన్స్ టెక్నాలజీస్ స్థాపించి, 1988లో మెడాలియన్ ఫండ్ ప్రారంభించారు. వాల్‌స్ట్రీట్ అనుభవమున్నవాళ్లను పక్కనపెట్టి గణితం, భౌతికశాస్త్రం, మాటల్ని గుర్తుపట్టే కంప్యూటర్ల మీద పనిచేసినవాళ్లను తీసుకున్నారు. 2019లో గ్రెగరీ జుకర్‌మన్ ప్రచురించిన పుస్తకం ప్రకారం, 2018 దాకా మెడాలియన్ సగటున ఏటా 66 శాతం సంపాదించింది. భారీ రుసుములు తీసేసినా 39 శాతం. 2024 మేలో సైమన్స్ కన్నుమూసేనాటికి ఆ రికార్డు దగ్గరికి వచ్చినవాళ్లు లేరు.

మరి వాళ్ల యంత్రం ప్రతిసారీ గెలుస్తుందా? లేదు. ఆ పుస్తకం చెప్పే లెక్క ప్రకారం సగం కన్నా ఒక శాతం లోపే ఎక్కువ. అంటే వందలో దాదాపు 49 సార్లు ఓటమే! చిన్న మొగ్గును లక్షలసార్లు వాడుకోవడం, ఖర్చును పైసా దాకా లెక్కగట్టడం వాళ్ల బలం. ‘90 శాతం గెలుపు గ్యారంటీ’ అనే సాఫ్ట్‌వేర్ ప్రకటనల పక్కన ఈ అంకె పెట్టి చూడాలి.

ఆ ఫండ్ 1993లోనే కొత్తవాళ్లకు తలుపులు మూసింది. 2005కల్లా బయటివాళ్ల డబ్బు మొత్తం తిరిగిచ్చేసింది. ఇప్పుడది సంస్థ ఉద్యోగులూ వాళ్లకు సంబంధించినవాళ్లదే. బయటి మదుపరుల కోసం రెనిసాన్స్ నడిపే వేరే ఫండ్ ఒకటి 2020లో దాదాపు 19 శాతం నష్టపోయింది, అదే ఏడాది మెడాలియన్ 76 శాతం గడించింది. ఎందుకు పంచుకోరంటే, పంచితే ఆ మొగ్గు కరిగిపోతుంది కాబట్టి. డేవిడ్ మెక్‌లీన్, జెఫ్రీ పాంటిఫ్ 2016లో ప్రచురించిన అధ్యయనంలో, పరిశోధన పత్రాల్లో వచ్చిన 97 పెట్టుబడి సూత్రాలు ప్రచురణ తర్వాత ఏమయ్యాయో చూశారు. లాభం సగటున 58 శాతం తగ్గిపోయింది. పదిమందికీ తెలిసిన చేపల చెరువు ఎన్నాళ్లుంటుంది?

అటువైపు ఎవరు?

మన దేశంలో సెబీ 2008 ఏప్రిల్‌లో పెద్ద సంస్థలు తమ కంప్యూటర్ల నుంచి నేరుగా ఎక్స్ఛేంజికి ఆర్డర్లు పంపేందుకు అనుమతించింది. ఆ తర్వాత ఎక్స్ఛేంజి ఆవరణలోనే అద్దెకు చోటు తీసుకుని సర్వర్లు పెట్టుకునే సదుపాయమూ వచ్చింది. ఇంట్లో ల్యాప్‌టాప్ ముందు కూర్చున్న మనిషి కొంటున్నప్పుడు అటువైపు అమ్ముతున్నది చాలాసార్లు అలాంటి యంత్రమే.

ఫలితం సెబీ 2024 సెప్టెంబరు నివేదికలో ఉంది. 2021-22 నుంచి మూడేళ్లలో ఫ్యూచర్స్, ఆప్షన్లలో దిగిన కోటిమందికి పైగా వ్యక్తుల్లో 93 శాతం నష్టపోయారు. సగటున ఒక్కొక్కరికి సుమారు 2 లక్షలు, మొత్తంగా 1.8 లక్షల కోట్ల రూపాయలకు పైగా! 2023-24లో అటువైపు సొంత డబ్బుతో ట్రేడింగ్ చేసే సంస్థలు 33 వేల కోట్లు, విదేశీ మదుపరులు 28 వేల కోట్లు లాభపడ్డారు. విదేశీ మదుపరుల లాభాల్లో 97 శాతం, సంస్థల లాభాల్లో 96 శాతం కంప్యూటర్ ట్రేడింగ్‌తో వచ్చినవే. ఇక బాధపెట్టే అంకె... ఇలా దిగిన వ్యక్తుల్లో ముప్పావు వంతుకు మించి ఏడాదికి 5 లక్షల లోపు ఆదాయం చూపినవారే. రెండేళ్లు వరసగా పోగొట్టుకున్నవాళ్లలోనూ ముప్పావు వంతుకు పైగా మానలేదు. 2024-25లో వ్యక్తుల నికర నష్టం లక్షా 5 వేల కోట్లు దాటింది.

యంత్రాలతో పోటీకి యంత్రమే కొనుక్కుందామన్న ఆశ ఇక్కడే పుడుతుంది, అమ్మేవాళ్లకు కావాల్సిందీ అదే. గతంలో ఇంత వచ్చింది, ఇకముందు ఇంత వస్తుందని ఆల్గోల గురించి చెప్పుకునే వేదికలతో బ్రోకర్లు సంబంధం పెట్టుకోకూడదని సెబీ 2022 సెప్టెంబరులోనే ఆదేశించింది. 2025 ఫిబ్రవరి 4 నాటి సర్క్యులర్‌తో నిబంధనల్ని ఇంకా బిగించి, దశలవారీగా అమలుకు పెట్టింది. చిన్న మదుపరులకు అందించే ప్రతి ఆల్గోకూ ఎక్స్ఛేంజి దగ్గర అనుమతి, ఒక గుర్తింపు సంఖ్య ఉండాలి. ఆ ఆర్డర్లన్నీ బ్రోకరు ద్వారానే వెళ్లాలి, బాధ్యతా బ్రోకరుదే. లోపల ఏ నియమముందో కొనేవాళ్లకు చూపించేవి ఒక రకం. చూపించనివి ఇంకో రకం. రెండో రకాన్ని అమ్మాలంటే పరిశోధన విశ్లేషకుడిగా సెబీ దగ్గర నమోదు కావాలి, ఒక్కో ఆల్గోకూ పరిశోధన నివేదిక దగ్గరుంచుకోవాలి. నియమం మారిస్తే మళ్లీ నమోదు చేయించాలి.

సొంతంగా ప్రోగ్రాం రాసుకునే కుర్రాళ్లకూ ఇందులో ఒక వెసులుబాటు ఉంది. ఆర్డర్లు సెకనుకు నిర్ణీత సంఖ్యను మించితే బ్రోకరు ద్వారా ఎక్స్ఛేంజి దగ్గర నమోదు చేయించుకోవాలి. అలా నమోదైన ఆల్గోను తనకూ, భార్య లేదా భర్తకూ, తన మీద ఆధారపడిన పిల్లలకూ తల్లిదండ్రులకూ వాడుకోవచ్చు. బావమరిదికీ పక్కింటివాళ్లకూ మాత్రం కుదరదు.